సభలో ప్రసంగింప గోరు సోదరీమణులకు



గతమాసమున నొక సోదరి యొద్దనుండి నాకొక లేఖ వచ్చినది. ఆమె కోడలు జిల్లా ప్రభుత్వాసుపత్రిలో, నవజాతశిశువుల విభాగమున నర్సు. నెలలు నిండక పుట్టిన పసికందులను తల్లి ఱొమ్మున కానించి, మేనికి మేను తగులునట్లు కట్టి యుంచు పద్ధతి యొకటి కలదు. దానికి కంగారూ మాతృసంరక్షణ మని పేరు. ఆ పిల్ల యెన్నియో యేండ్లుగా తల్లులచేత దానిని చేయించుచున్నది. తల్లి స్నానమునకో భోజనమునకో లేచినపుడెల్ల బిడ్డ మరల తొట్టెలోనికి పోవుట చూచి, ఆ వేళలందు అమ్మమ్మకో నాయనమ్మకో బిడ్డ నప్పగించుట యామె యారంభించెనట. ఏ బిడ్డ యేనాడెన్ని గంటలు ఱొమ్ముపై నుండెనో యొక పుస్తకమున వ్రాసి పెట్టుకొనినదట. ఇపుడు నర్సుల సదస్సొకటి జరుగబోవుచున్నది. "మా కోడలికి చెప్పదగిన మాట కలదు. కాని సభవారు 250 మాటలలో సంగ్రహము వ్రాసి పంపుమనుచున్నారు. నాలుగు మారులు వ్రాసినది, నాలుగు మారులును చించివేసినది. గడువు మూడు వారములే యున్నది. ఎట్లు వ్రాయవలెనో చెప్పుదురా?" అని యా యత్తగారి ప్రశ్న.

కోడలి కొఱకు అత్తగారు వ్రాసిన లేఖ యగుటచే నాకది మఱింత సంతోషము కలిగించినది. నేడు మన యిండ్లలో ఉపాధ్యాయినులు కలరు, నర్సులు కలరు, వైద్యులును ఇంజనీర్లును కలరు. వారి వారి వృత్తులకు సదస్సులును కలవు. చెప్పదగిన విషయము కలిగియు, దానిని సభవారికి తెలుపు పత్రము వ్రాయనేరక యూరకుండువారు పెక్కుమంది. వారెఱిగినది వారితోనే యుండిపోవును. లేదా మఱియొకరి నోట, మఱియొకరి పేర వెలువడును. కావున ఈ మాసము ఈ విషయమునే నాకు తెలిసినంతవఱకు వివరించెదను.

చదువువా రెట్టివారు?

పత్రము వ్రాయుటకు ముందు దానిని చదువువారి నెఱుగవలెను. మావారు బడిపంతులు. ఉపాధ్యాయుల సదస్సునకు వచ్చిన సంగ్రహములను పరిశీలించు పని వారిపై నొకటి రెండు మారులు పడినది. పగలంతయు పాఠములు చెప్పి వచ్చి, రాత్రి భోజనమైన పిదప వా రా కట్టను ముందు పెట్టుకొనువారు. విషయము మంచిదయ్యు చెప్పుట సరిగా లేని పత్రములను చూచి, "ఇందేమి చెప్పదలచిరో తెలియుట లేదు" అని నిట్టూర్చి ప్రక్కన పెట్టుచుండిరి. అందుచేత నే నెఱిగిన దేమనగా, పరిశీలకుడు మనకు పగవాడు కాడు, అలసిన వాడు. మొదటి రెండు వాక్యములలో విషయము చేతికి దొరకనిచో మూడవదానిలో వెదకుకొను నోపిక యాతనికి మిగిలి యుండదు.

నాలుగు ప్రశ్నలు

ఇట్టి చదువరికి మొదట నేమి చెప్పవలెను? ఈ ప్రశ్నకు మన పూర్వశాస్త్రకారులే యుత్తరము చెప్పి యున్నారు. గ్రంథారంభమున నాలుగు సంగతులు తెలుపవలెనని వారి నియమము. విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి యను నీ నాలుగింటికిని అనుబంధచతుష్టయ మని పేరు. సదానందుని వేదాంతసారమున ఇవి స్పష్టముగా పేర్కొనబడినవి. చిన్ననాడు మా తండ్రిగారు నాకీ పాఠము చెప్పినపుడు, ఇది నేటి సదస్సులకు పనికివచ్చునని నే ననుకొనలేదు. నేటి సభవారు పంపు ఫారమును చూచినచో, ఆ నాలుగు ప్రశ్నలే వేఱు మాటలలో కానవచ్చును.

మొదటిది విషయము. మనవారు తఱచు ఇక్కడనే తడబడుదురు. "కంగారూ మాతృసంరక్షణము: ఒక పరిశీలనము" అని పేరు పెట్టినచో అది యూరి పేరు చెప్పినట్లే కాని యింటి గుర్తు చెప్పినట్లు కాదు. ఆ పద్ధతి 1978 ప్రాంతమున కొలంబియా దేశపు బొగోటా నగరములోని యాసుపత్రిలో మొదలైనది. నేడు లోకమంతయు నెఱుగును. దానిని గూర్చి సభలో మరల చెప్పనక్కఱలేదు. ఈ నర్సు మాత్రమే చెప్పగలిగిన దేది? తల్లి లేచినపుడు అమ్మమ్మ కూర్చుండుట. కావున పేరులోనే అది రావలెను: "తల్లి విశ్రమించు వేళ అమ్మమ్మ ఱొమ్మున బిడ్డ: ఒక జిల్లా ఆసుపత్రిలో సంరక్షణపు గంటలు పెరిగిన విధము." ఈ పేరు చదివిన వానికి, పత్రములో మిగిలినది చదువకున్నను సగము విషయము తెలియును.

రెండవది ప్రయోజనము. ఇది ప్రసంగించువారి ప్రయోజనము కాదు, వినువారిది. "ఈ సభలో మాట్లాడుట నా వృత్తికి మేలు" అని వ్రాయుదురు కొందఱు. నిజమే కావచ్చును గాని దానితో పరిశీలకునకు పనిలేదు. విన్న నర్సు తన యూరికి తిరిగిపోయి, మఱునాడు విధికి చేరినపుడు, ఏమి క్రొత్తగా చేయగలదు? దానినే యొక్క వాక్యమున చెప్పవలెను.

మూడవది సంబంధము. ఇది రెండు విధములు. ఇంతవఱకు లోక మెఱిగిన దానితో మీ మాటకు గల సంబంధ మొకటి. ఆ యేటి సదస్సు ప్రకటించిన ముఖ్యాంశముతో గల సంబంధము రెండవది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో, నెలలు నిండకగాని తక్కువ బరువుతోగాని పుట్టిన శిశువులకు దినమునకు 8 మొదలు 24 గంటల వఱకు, వీలయినంత అధికముగా, ఈ సంరక్షణ మీయవలెనని సూచించినది. ప్రసవించి యలసిన తల్లి యొక్కతె యన్ని గంటలు కూర్చుండగలదా? సూచనకును ఆసుపత్రి మంచమునకును నడుమ గల యీ యెడమును చూపినచో సంబంధము తానే యేర్పడును. ఇక సదస్సు ముఖ్యాంశము "కుటుంబము, ఆరోగ్యము" అని యున్నదనుకొందము. ఆ మాటలనే తీసికొనివచ్చి వాక్యవాక్యమునను అతికించుట వలన లాభము లేదు. ఒక్కచోట, ఉచితముగా, అమ్మమ్మ యెట్లు సేవలో భాగస్వామిని యైనదో చెప్పిన చాలును.

నాలుగవది అధికారి. శాస్త్రములందు ఎవరు చదువుట కర్హులో చెప్పుదురు. ఇక్కడను అట్లే: ఈ మాట విభాగములలో పనిచేయు నర్సులకా, వారిపై యధికారులకా, నర్సువిద్య నేర్పువారికా? అందఱికిని అని వ్రాసినచో నెవరికిని కాదని పరిశీలకుని భావము. నేటి ఫారములలో దీనికి తోడుగా, చెప్పువారి యర్హతను గూర్చియు అడుగుదురు. అచట బిరుదుల జాబితా కన్న, "ఈ విభాగమున నేనిన్ని యేండ్లుగా పనిచేయుచున్నాను, ఈ పద్ధతిని నేనే యారంభించి లెక్కలు వ్రాసితిని" అను వాక్యమునకు బలమెక్కువ.

250 మాటల నెట్లు పంచవలెను?

వైద్య సంబంధమైన సదస్సులవారు సాధారణముగా సంగ్రహమును నేపథ్యము, ఉద్దేశ్యము, పద్ధతి, ఫలితము, నిర్ణయము అని భాగించి యడుగుదురు. వంటకు దినుసులు కొలిచినట్లు మాటలను ముందుగా కొలిచి పెట్టుకొనుట మంచిది. నేపథ్యమునకు 40, ఉద్దేశ్యమునకు 25, పద్ధతికి 70, ఫలితమునకు 80, నిర్ణయమునకు 35, మొత్తము 250. మనవారు నేపథ్యమునకే 150 ఖర్చుపెట్టి, ఫలితమునకు వచ్చుసరికి చేయి ఖాళీ చేసికొందురు. ఆంగ్లమున పంపవలసి యున్నను ముందు తెలుగున వ్రాసికొనుడు. మనకే తెలియని దేదియో తెలుగులో ముందు బయటపడును.

ఆ సోదరి కోడలికై నేనొక మాదిరి వ్రాసితిని. అంకెలు రావలసిన చోట "ఇన్ని", "ఇందఱు" అని యుంచితిని. అచట ఆమె తన పుస్తకములోని యంకెలనే వేసికొనవలెను.

"తక్కువ బరువు గల శిశువులకు దినమునకు కనీసము 8 గంటల కంగారూ సంరక్షణ మీయవలెనని సూచన కలదు. మా విభాగమున తల్లి స్నానాహారనిద్రలకు లేచు వేళల నది నిలిచిపోవుచుండెను. ఆ వేళలందు అమ్మమ్మగాని నాయనమ్మగాని బిడ్డ నుంచుకొనినచో మొత్తము గంటలు పెరుగునా యని పరిశీలించితిమి. ఫలానా మాసము మొదలు ఆరు మాసములలో, 2500 గ్రాములకు తక్కువ బరువుతో పుట్టి స్థిమితముగా నున్న ఇందఱు శిశువుల గంటలను లెక్కించితిమి. మొదటి మూడు మాసములు పాతపద్ధతి. తరువాతి మూడు మాసములు పెద్దలకు చేతులు కడుగుకొనుట, బిడ్డ తలను నిలుపుట, ఊపిరిని గమనించుట నేర్పితిమి. సగటు దినమునకు ఇన్ని గంటలనుండి ఇన్ని గంటలకు పెరిగినది. మొదట సందేహించిన ఇందఱు పెద్దలలో ఇందఱు, ఒకసారి బిడ్డ నుంచుకొనిన పిదప, తామే యడిగి కొనసాగించిరి. ఇది యొక్క యాసుపత్రిలోని యనుభవము. శిశువుల బరువుపై ఫలితమును మేము కొలువలేదు. అదనపు సిబ్బంది లేకయే యీ మార్పు జరిగినది. పెద్దలకు నేర్పిన పాఠక్రమమును, గంటలు వ్రాయు పట్టికను సభలో చూపెదము."

ఇందలి చివరి వాక్యమును గమనింపుడు. విన్నవా రేమి చేతపట్టుకొని పోవుదురో అది చెప్పుచున్నది. "ఫలితములు సభలో చర్చింపబడును" అని ముగించువారు కలరు. అది విందునకు పిలిచి వంటకముల పేరు చెప్పకుండుట వంటిది.

వైద్యేతర సదస్సులలో, అందును కంప్యూటరు నిపుణుల సభలలో, ఈ భాగములకు బదులు ప్రసంగపు క్రమమును నిముషములతో సహా యడుగుదురు. సమస్యకు ఐదు, చేసిన పనికి పండ్రెండు, తప్పటడుగులకు మూడు, ప్రశ్నలకు ఐదు అని వ్రాసినచో, చెప్పువారు కాలము నెఱిగినవారని సభవారికి నమ్మకము కలుగును.

తప్పించుకొనవలసిన దోషములు

వినయము మన స్త్రీలకు భూషణమని పెద్దలందురు. కాని ఈ పత్రమున నది యడ్డు. మొల్ల తన రామాయణ పీఠికలో తనకు కావ్యలక్షణములు తెలియవని చెప్పికొనినది. పిదప కావ్యమునే మన చేతిలో పెట్టినది గనుక ఆ వినయము శోభించినది. పరిశీలకుని చేతిలో నున్నది మన పీఠిక మాత్రమే. "నాకంత పాండిత్యము లేదు, ఏదో చిన్న ప్రయత్నము" అని వ్రాసినచో ఆతడు దానిని నిజమనియే నమ్మును.

అతిశయోక్తి రెండవ దోషము. సంరక్షణపు గంటలు పెరిగినవని లెక్క యుండగా, గంటలు పెరిగినవనియే చెప్పవలెను. అమ్మమ్మల వలననే బిడ్డలు బ్రదికిరని చెప్పరాదు. ఆ మూడు మాసములలో ఔషధములు మాఱి యుండవచ్చును, వైద్యులు మాఱి యుండవచ్చును. లెక్క యెంతవఱకు నిలుచునో అంతవఱకే మాట నిలుపువారిని తెలిసినవారు గౌరవింతురు.

అనుమతులు తీసికొనకుండుట మూడవది. రోగుల వివరములతో పరిశీలనము చేయునపుడు ఆసుపత్రి నీతిసంఘపు అనుమతి వలయును. భారత వైద్యపరిశోధన మండలి 2017లో దీనికి నియమావళి ప్రకటించినది. పని మొదలుపెట్టక ముందే అడుగవలసిన యనుమతి యిది. ముందు అడిగి యుండనిచో, ఉన్న లెక్కలను వాడవచ్చునా యని ఆ సంఘమువారినే యడిగి, వారు చెప్పినట్లు చేయవలెను. తల్లుల పేర్లుగాని, బిడ్డల ముఖములు తెలియు చిత్రములుగాని సభకెక్కరాదు.

పేర్ల సంగతి నాలుగవది. పనిచేసినది యొకరు, వేదిక యెక్కినది మఱియొకరు అగుట మనమెఱుగనిది కాదు. పత్రము పంపకముందే సహచరులతో కూర్చుండి, ఎవరి పేరు ముందు, ఎవరు ప్రసంగింతురు అని మాట్లాడుకొని, ఒక ఈమెయిలులో వ్రాసి యుంచుకొనవలెను. ముందు చెప్పుకొనిన మాట తరువాతి మనస్తాపమును తప్పించును. ఫారములో "ప్రసంగించువారు" అను గడిని ఖాళీగా వదలరాదు.

ఇంకొక హెచ్చరిక. నేడు పేరునకు సదస్సులై, రుసుము కొఱకే పుట్టినవియు కలవు. వైద్యము, వాణిజ్యము, వ్యవసాయము అన్నియు నొక్క సభలోనే యని ప్రకటించుట, పంపిన మఱునాడే అంగీకరించితిమని వ్రాయుట, వెంటనే సొమ్ము కట్టుమని తొందరపెట్టుట వాని లక్షణములు. ఆ సంఘము వెనుకటి యేండ్లలో సభలు జరిపెనా, వాని సంచికలు కలవా, పోయి వచ్చినవా రెవరైన కలరా యని విచారించిన పిదపనే పంపవలెను.

అడిగినవారికే అవకాశము

"మావంటివారి పత్రము నెవరు చదువుదురు?" అని నిరాశ పడనక్కఱలేదు. అనేక సదస్సులలో పరిశీలకులకు వ్రాసినవారి పేరు కనబడనీయరు. 2012లో బెర్లిన్ నగరమున జరిగిన జేఎస్‌కాన్ఫ్ యూరప్ అను కంప్యూటరు నిపుణుల సభవారు, స్త్రీలకు స్వయముగా వ్రాసి ప్రతిపాదనలు పంపుమని కోరి, మొదటి వడపోతలో పేర్లు దాచి చదివిరి. ఆ యేడు ప్రసంగించినవారిలో నాలుగవ వంతు స్త్రీలు. హబుల్ దూరదర్శినితో ఆకాశమును పరిశీలించుటకు సమయము కోరు శాస్త్రజ్ఞుల ప్రతిపాదనలను 2018లో పేర్లు దాచి చదువుట మొదలిడిరి. అంతకు ముందు పెక్కేండ్లు పురుషుల ప్రతిపాదనలే హెచ్చుపాలు నెగ్గుచుండగా, ఆ మొదటి యేటనే స్త్రీల నాయకత్వమున వచ్చినవి కొంచెము మించినవి. అమెరికాలోని పైకాన్ సభలో 2011లో స్త్రీల ప్రసంగములు నూటికి ఒకటి. 2016లో నూటికి నలువది. అచటి నిర్వాహకురాలగు జెస్సికా మెక్‌కెల్లర్ ఈ లెక్క ప్రకటించినది. స్త్రీలను వ్యక్తిగతముగా అడిగి, ప్రోత్సహించి పంపించుట ఇందులకు ముఖ్యకారణము. చెప్పగలవారు మొదటినుండియు నుండిరి; పంపువారే లేకుండిరి.

బృహదారణ్యకమున గార్గి కథ మీరెఱుగుదురు. జనకుని సభలో ఆమె మొదట యాజ్ఞవల్క్యుని వరుసగా ప్రశ్నించుచు పోగా, ఇంక అడుగవలదని యాతడు వారించెను, ఆమె యూరకుండెను. ఆ కథ అంతటితో ముగిసినదని పలువు రనుకొందురు. కాని కొంతసేపటికి ఆమె మరల లేచెను. ఈ మారు తిన్నగా యాజ్ఞవల్క్యుని అడుగలేదు. ముందు సభవారి వైపు తిరిగి, తాను రెండు ప్రశ్నలు అడుగుదుననియు, వానికి ఉత్తరము చెప్పినచో నిక నెవరును ఈతని గెలువలేరనియు తెలిపెను. సభవారు అడుగుమనిరి. ప్రశ్న లెన్నియో చెప్పినది, వాని ప్రయోజన మేమో చెప్పినది, సభ యనుమతి గొనినది. వారింపబడిన స్త్రీ మరల మాట్లాడుటకు వెదకుకొనిన త్రోవ ఇదియే.

మూడు వారముల పని

గడువు మూడు వారములున్నచో మొదటి వారమున లెక్కల పుస్తకము తీసి అంకెలు సరిచూచుకొని, మొదటి ప్రతి వ్రాయవలెను. రెండవ వారమున దానిని ఇద్దఱికి చదివి వినిపింపవలెను. ఒకరు ఆ వృత్తి యెఱిగినవారు, రెండవవారు ఎఱుగనివారు. ఎఱిగినవారు తప్పు పట్టుదురు. ఎఱుగనివారు తెలియని చోటు చూపుదురు. ఈ రెండవ పనికి అత్తగారికన్న తగినవారు లేరు. మూడవ వారమున మాటలు లెక్కించి, గడువునకు రెండు దినములు ముందే పంపివేయవలెను. కడపటి రాత్రి అందఱు నొక్కసారి పంపుటచే యంతర్జాలము మొరాయించుట కలదు.

అంగీకరింపబడనిచో కారణ మడుగవచ్చును. కొందఱు పరిశీలకులు వ్రాసి పంపుదురు. దానిని బట్టి దిద్దుకొని మఱియొక సభకు పంపవచ్చును. ప్రసంగమునకు బదులు గోడపత్రముగా పెట్టుమన్నచో నది యవమానము కాదు. దాని ముందు నిలుచుండి ఒక్కొక్కరితో మాట్లాడుట, మొదటిసారి పోవువారికి వేదికకన్న సులభము.

ఇంటి పెద్దలతో నొక్క మాట. సభ రెండు దినములే కాని, దానికి ముందు పది రాత్రుల వ్రాతపని కలదు. ఆ రాత్రులలో వంటగది పని యెవరో యొకరు అందుకొనవలెను. సభకు పోయిన రెండు దినములు పిల్లల నెవరో చూచుకొనవలెను. "ఈ పనులన్నియు నెందుకమ్మా?" అని యనకుండుటయే సగము సాయము. మిగిలిన సగము, గోడమీది క్యాలెండరులో గడువు తేదీ చుట్టు ఎఱ్ఱసిరాతో సున్న చుట్టి, ఇంటివారందఱు నెఱుగునట్లు చేయుట.